కోదాడలో ఎవరూ గుర్తుపట్టరు

జూన్ 21

ఇరవై ఏళ్లుగా ఊళ్ల సంగతులు రాస్తున్నాను. నా సంగతి రాయడం ఇదే మొదలు. వార్త రాసినట్టే రాస్తాను.

ఈ నెల మొదటి వారంలో చివ్వెంల దగ్గర వానలో స్కూటీ జారి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. ఎక్స్‌రేలో ఏమీ విరగలేదు. వాపు తగ్గింది. తగ్గిన మర్నాటి నుంచి కుడికాలు కదలడం మానేసింది. అడుగు ముందుకు వేయబోతే పాదం నేలకు అతుక్కుంటుంది. తుంటి నుంచి ఈడ్చాలి. నొప్పి లేదు.

హైదరాబాద్‌లో నరాల డాక్టరు మెదడుకు, వెన్నుకు స్కానింగ్ చేయించాడు. రెండూ నార్మల్. ఆ మాట విని మా ఆయన మధు దేవుడికి దండం పెట్టుకున్నాడు. నాకు భయం వేసింది.

"సైకియాట్రిస్టుకు చూపించండి. దీన్ని బాగుచేసేది వాళ్లే" అన్నాడు డాక్టరు.

కారులో సూర్యాపేట ఇంటికి తిరిగొచ్చాం.

నాకు ఏ టెన్షనూ లేదు.

జూన్ 22

మా పేపరు బ్యూరో ఇన్‌చార్జి కృష్ణమూర్తి సార్ ఫోన్ చేశాడు.

"రిపోర్టులేమన్నయి కరుణా?"

"డిస్క్ సర్." నోటికి అదే వచ్చింది.

"అయ్యో, డిస్కా! మా బామ్మర్దిది గదే పరేషాన్. జర పైలం. నీ మండలాలు పవన్ చూసుకుంటడు. కానీ సెప్టెంబర్ ఒకటికి రాకపోతే హైదరాబాదోళ్లు నిన్ను డెస్కుకు గుంజుకుంటరు. నా చేతిల లేదు."

డెస్కు అంటే ఏసీ గది, కంప్యూటరు, ఎవరో చూసి వచ్చిన సంగతికి హెడ్డింగు పెట్టడం. తిరగకుండా నేను రాయలేను.

జూన్ 25

డిస్క్‌కు మర్యాద ఉంది. మూడిళ్ల అవతలి రోజా దానిమ్మ పళ్లు తెచ్చింది. ఎదురింటి రుక్కమ్మత్త నువ్వుల నూనె తెచ్చి, కాపడం ఎలా పెట్టాలో చూపించి, కాలనీలో ఎవరెవరికి డిస్కు జారిందో చెప్పి వెళ్లింది. పవన్ బొకే పంపాడు.

జూన్ 29, ఆదివారం

చర్చిలో పాస్టరు నా డిస్క్ కోసం ప్రార్థన చేయించాడు. సంఘమంతా లేచి నిలబడింది. నిక్షేపంగా ఉన్న డిస్క్ కోసం అంతమంది కళ్లు మూసుకున్నారు. ఆమెన్ అందరికంటే నేనే గట్టిగా అన్నాను.

జూలై 2

డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎక్కడికన్నదే సమస్య.

సూర్యాపేటలో కుదరదు. ఇక్కడి దవాఖానల్లో నర్సు దగ్గర్నుంచి సూపరింటెండెంట్ దాకా నాకు వార్త చెప్పినవాళ్లే. మిర్యాలగూడలో మధు స్కూలు. పైగా అమ్మ ఉండే త్రిపురారం పక్కనే, చుట్టాలందరూ బజారుకు అక్కడికే వస్తారు. మిగిలింది కోదాడ. కోదాడలో నన్ను ఎవరూ గుర్తుపట్టరు.

జూలై 4

బోర్డు పెద్దది. డాక్టర్ తారా, మానసిక వ్యాధుల నిపుణురాలు. ఆటోను రెండు షాపుల ముందే ఆపమన్నాను.

"గీ కాలుతోటి గీడ దిగుడేంది?" అన్నాడు మధు. ఈడ్చుకుంటూ వెళ్లాను.

కరోనా పోయి ఇన్నేళ్లయినా ఆ హాల్లో అందరికీ మాస్కులే. ఆడవాళ్లు దాని మీద స్కార్ఫ్ కూడా కట్టుకున్నారు. కౌంటర్లో ఉన్నామె నన్ను చూసి, "సూర్యాపేటేనా అండి?" అంది.

"ఎట్లా తెలుసు?"

"ఇక్కడికొచ్చేది వాళ్లేనండి. మా కోదాడోళ్లు మిర్యాలగూడ పోతారు. మిర్యాలగూడోళ్లు సూర్యాపేట పోతారు. ఎవరి ఊరి డాక్టరు వాళ్లకి పనికిరాడు."

మూడు ఊళ్లు, మూడు బస్సు రూట్లు, తలా ఒక మాస్కు. మంచి వార్త. రాయలేను.

లోపల డాక్టరమ్మ మంచం మీద పడుకోబెట్టింది. కుడి మడమ పరుపుకేసి అదమమంది. అదమలేకపోయాను. మధును పిలిచి ఆ మడమ కింద చేయి పెట్టమంది.

"ఇప్పుడు కుడికాలు సంగతి వదిలేయండి. ఎడమకాలు పైకి లేపండి. నేను ఆపుతుంటాను. గట్టిగా లేపండి."

లేపాను. మధు చేయి తీయబోయి తీయలేకపోయాడు. నా కుడి మడమ అతని వేళ్లను పరుపులోకి నొక్కేసింది.

"చూశారా, బలం ఎక్కడికీ పోలేదు!" డాక్టరమ్మ మొహం వెలిగింది.

"అంటే కాలు మంచిగనే ఉన్నట్టు కదా మేడం?" అన్నాడు మధు. అని, నా వైపు చూశాడు. నకిలీ సర్టిఫికెట్ చేతికి దొరికినప్పుడు ఆఫీసర్లు అలా చూస్తారు.

"కాలు బాగుందండి. కాలికి కబురు వెళ్లడంలో తేడా ఉంది. కాలు మీద ధ్యాస పెడితే కబురు తప్పిపోతోంది. వేరేదాని మీద పెడితే చేరుతోంది. ఈవిడ కావాలని చేస్తున్నది కాదు. కావాలని ఆపగలిగేదీ కాదు."

"దీన్ని ఏ జబ్బు కింద రాస్తారు?" నా వృత్తి ప్రశ్న అడిగాను.

చెప్పింది. పాతకాలంలో హిస్టీరియా. గర్భసంచికి అంటగట్టిన పేరు. తర్వాత కన్వర్షన్, అంటే మనసులోని బాధ ఒంట్లోకి మారిందని. ఆ పేరు పెట్టాలంటే ముందు ఆ బాధేదో డాక్టరు తవ్వి తీయాలి. 2013లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకం ఆ షరతు ఎత్తేసింది. స్కానింగ్‌లో ఏమీ దొరకలేదు కాబట్టి మనసు జబ్బు అనడం కూడా చెల్లదు. ఇందాక మధు చేతికి తగిలిందే, అలాంటి గుర్తు కనపడాలి. ఇప్పటి పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితాలో ఇది మానసిక జబ్బుల అధ్యాయంలో ఉంది, నరాల అధ్యాయంలోనూ చూపించారు.

"రెండు ఊళ్లలో ఓటు ఉన్నట్టా?"

"అలాగే అనుకోండి. దొంగ ఓటు మాత్రం కాదు."

"అయితే నాకు నరాల వైపు రాయండి."

నవ్వింది. "రాస్తాను. రాసినంత మాత్రాన బయట నా బోర్డు మారదుగా."

తర్వాత నన్ను వెనక్కి నడవమంది. వెనక్కి ఎలాంటి ఇబ్బందీ లేకుండా నడిచాను. గోడ తగిలేదాకా. నాకు ఏడుపొచ్చింది. మధు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మందు: రోజూ ఆరుబయట వెనక్కి నడవాలి. పక్కలకు నడవాలి. ఎవరితోనైనా మాట్లాడుతూ నడవాలి. కాళ్ల వైపు చూడకూడదు.

జూలై 6

పడకగదిలో, తలుపు వేసుకుని, కర్టెన్లు దించుకుని నడిచాను.

జూలై 9

పడకగదిలో.

జూలై 11

మధు అన్నం తింటూ అన్నాడు, "నా చెయ్యి గట్టిగ నొక్కింది కరుణా."

"అయితే?"

"అయితే ఏంలేదు. చెప్తున్న."

"ఏం చెప్తున్నవ్?"

"గంత బలం ఉన్నప్పుడు, మంచిగ మనసుపెట్టి ప్రయత్నం చేస్తే..."

"మనసు పెడితేనే రాదని కదా ఆమె చెప్పింది!"

అతను చేయి కడుక్కున్నాడు. స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్తాడు. రుజువు చూపిస్తే నమ్మే మనిషి. ఇక్కడ రుజువే నా మీదికి తిరిగింది.

జూలై 13

ఆరుబయట ఎలా నడుస్తాను? డిస్క్ పేషెంటు వెనక్కి బాగా నడుస్తోందని తెలిస్తే ఆ దానిమ్మ పళ్లన్నీ లెక్కకొస్తాయి.

పడకగదిలో నడిచాను. ముందుకు తిరిగితే పాదం అతుక్కుంటోంది. మార్పు లేదు.

నాకు ఏ టెన్షనూ లేదు. డాక్టరమ్మ అడిగితే ఇదే చెప్పాలి. ఇద్దరు చేసే పని రెండేళ్లుగా ఒక్కదాన్నే చేస్తున్నానన్నది టెన్షన్ కిందికి రాదు. అందరూ చేస్తున్నారు.

జూలై 18

కోదాడ, రెండోసారి. మధుకు సెలవు దొరకలేదు, ఒక్కదాన్నే వెళ్లాను.

హాల్లో నా పక్క కుర్చీలో మాస్కు, నల్ల కళ్లద్దాలు, స్కార్ఫ్. ఆ మాస్కు నన్ను చూసి గోడ వైపు తిరిగింది. చేతి గాజులు గుర్తుపట్టాను.

"రోజా?"

స్కార్ఫ్ సర్దుకుని, "మా పిన్నిని తోల్కొచ్చిన అక్కా."

"పిన్ని ఏది?"

"బాత్రూంకు పోయింది. నువ్వు?"

"ఇంటర్వ్యూకు వచ్చిన. డాక్టరమ్మ ఇంటర్వ్యూ."

కౌంటర్లోంచి పిలుపు వచ్చింది: "రోజాగారూ, కడుపునొప్పి, నాలుగోసారి, లోపలికి రండి. కరుణగారూ, మీది తర్వాత."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ముందు రోజా నవ్వింది. అంత నవ్వుకు స్కార్ఫ్ ఊడిపోయింది.

తిరుగు బస్సులో చెప్పింది. ఆరేళ్లుగా కడుపునొప్పి. మూడుసార్లు గొట్టం వేసి చూశారు. ఏమీ లేదు. ఇంట్లో థైరాయిడ్‌కు మందులు వాడుతున్నానని చెప్పి వస్తోంది. అత్తగారు "ఏం లేదంట, ఉత్తగనే పండుకుంటది" అని చుట్టాలకు ఫోన్లో చెప్పడం విన్నదట. ఇక్కడికి వచ్చాక కొంచెం నయమట. "నొప్పి నిజమేనమ్మా అన్న మొదటి డాక్టరు అక్కా ఈమె. గా మాటకే సగం తగ్గినట్టయింది."

మా స్టాపు దగ్గర విడివిడిగా దిగి, విడివిడిగా ఇంటికి నడిచాం.

ఆగస్టు 6

మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ కసిరింది. గదిలో నడిస్తే గది వరకే బాగవుతుందంది. "మీకు ఎవరూ చూడని ఆరుబయలు కావాలి. లేదా చూసినా వింతగా అనిపించని చోటు."

త్రిపురారం వచ్చాను. కాలువ నీళ్లు వచ్చాయి. ఊరు ఊరంతా నాట్లలో ఉంది.

అమ్మకు కూడా డిస్క్ అనే చెప్పి ఉన్నాను. ఈ రోజు నిజం చెప్పాను.

"కాలుకు మనసు డాక్టరేంది?" అంది అమ్మ.

వివరించాను. మెదడు, కబురు, దారి. అమ్మ బియ్యం చెరుగుతూ విన్నది. ఎంత అర్థమైందో తెలియదు.

"ఇంతకు ఏం జెయ్యమన్నది?"

"ఎనకకు నడువుమన్నది."

"గంతేనా? ఎవలన్న నవ్వుతరనా నీ భయం? నాటేసేటోళ్లం పొద్దంత ఎనకకే నడుస్తం. మమ్ముల ఎవలన్న పిచ్చోళ్లన్నరా? పొద్దున నా ఎంట రా."

ఆగస్టు 7

పదో తరగతి సెలవుల్లో నాటు వేయడం చివరిసారి. నడుము మర్చిపోయింది, వేళ్లు మర్చిపోలేదు.

అమ్మ జట్టులో ఆడవాళ్లు నన్ను చూసి కూతలు మొదలుపెట్టారు.

"పేపరామె వచ్చింది! ఫోటోకా, నాటుకా?"

"ఫోటోకైతే కూలి లేదు బిడ్డా!"

"ఉప్పలమ్మా, నీ బిడ్డ లైను వంకర బోతాంది సూడు. పేపర్ల గిట్లనే రాస్తదా?"

వంగి, నాటి, వెనక్కి. కుడికాలు బురదలోంచి దానంతటదే లేచింది, దానంతటదే దిగింది. నేను దాన్ని పట్టించుకునే తీరిక లేదు. లైను వంకర పోకుండా చూసుకోవాలి, పక్కామె మాటకు జవాబు చెప్పాలి.

పొలం చివర గట్టెక్కి ముందుకు అడుగు వేయబోయాను. పాదం అతుక్కుంది. అందరూ చూశారు.

"బురదల ఉరుకుతవు, గట్టు మీద నడువవా?" అంది పక్కామె. "నా కోడలు లెక్కనే ఉన్నవు. బోళ్లు తోమమంటే కాళ్లు గుంజుతయ్, జాతరంటే ముందుగాల అదే తయారు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు నెలలుగా ఏ మాటకు భయపడి దాక్కున్నానో ఆ మాట గట్టు మీద పట్టపగలు వినపడింది. వింటే ఏమీ కాలేదు.

"నిజంగనే రోగం అక్కా. కావాలని చేస్తలేను," అన్నాను.

"రోగమని ఎరకేనే. నీ మొఖం సూస్తే తెల్వదా? ఊకె అన్న. నీళ్లు తాగు."

ఆగస్టు 10

నారు కట్టలు విసిరే పని అమ్మ నాకిచ్చింది. కట్ట ఎక్కడ పడాలో చూస్తూ విసురుతున్నాను. సగం మడి అయ్యాక అమ్మ కేకేసింది.

"బిడ్డా, నువ్వు ముందుకు నడుస్తున్నవ్."

అంతే, కాలు ఆగిపోయింది. అమ్మ నోటి మీద చేయి వేసుకుంది. కానీ అప్పటిదాకా నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే బురదలో నా అడుగులు ఉన్నాయి. ఒకటి కుడి, ఒకటి ఎడమ, సమంగా.

ఆగస్టు 12

మధు వచ్చాడు. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత ప్యాంటు మడిచి దిగి, నా పక్కన తనూ వెనక్కి నడవబోయి వెల్లకిలా పడ్డాడు. జట్టుకు ఈ ఏడాదికి సరిపడా నవ్వు దొరికింది. "సారూ, మీకు ఏ డాక్టరు రాసిండు?" అని ఒకామె అడిగింది.

బురద కడుక్కుంటూ అన్నాడు, "నా చేతికి తగిలింది ఒక్కటే పట్టుకున్న కరుణా. ఎందుకు తగిలిందో చెప్పింది ఇనలే."

"రుజువు నమ్మే మనిషివి కదా."

"సగం రుజువే నమ్మిన."

ఆగస్టు 20

కోదాడ. రోజా, నేను ఒకే సీట్లో కూర్చుని వెళ్లాం. ఇద్దరికీ మాస్కుల్లేవు. నా కాలు ఇంకా ఈడుస్తోంది. అయితే మాటల్లో పడితే ఈడవడం తగ్గుతోంది. డాక్టరమ్మ అంది, "ఇక మీ సొంత రోడ్డు మీద. జనం మధ్య."

తిరుగు బస్సులో రోజాకు నా పథకం చెప్పాను. డిస్క్ కాదు, నరాల జబ్బు అని చెబుతాను. అబద్ధం కాదు, నరాల అధ్యాయంలో నిజంగానే ఉంది. మనసు సంగతి ఎత్తక్కర్లేదు.

రోజా కిటికీ వైపు చూస్తూ అంది, "నీకు రెండు పేజీలున్నయక్కా. నాకు ఒక్కటే. నా కడుపునొప్పికి కొత్త పేరు పెట్టిండ్రట, ఒంటి బాధను పేర్లనే రాసిండ్రట. మంచి పేరే. కానీ ఉన్నది మాత్రం గా మనసు పేజీలనే. నువ్వు అటు దుంకితే ఇటు నేనొక్కదాన్నే మిగుల్త."

చివ్వెంల దాటాం.

ఆగస్టు 22

డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. జబ్బును ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి మారిస్తే చిన్నచూపు తగ్గుతుందా?

"మారిన జబ్బుకు కొంత తగ్గవచ్చు. మిగిలినవాటికి తగ్గదు. పుస్తకంలో పేర్లు మార్చడం మా పని. ఆ పేరు బజార్లో పలకడం మా చేతుల్లో లేదు," అంది.

ఆగస్టు 25

పొద్దున్నే కాలనీ రోడ్డు మీదికి వచ్చాను. నేను వెనక్కి. ఎదురుగా రోజా ముందుకు, నా మొహం చూస్తూ. "ఎడమకు గుంత. కుక్క పండుకుంది, జర ఇటు. పాల బండి వస్తాంది, ఆగు."

రుక్కమ్మత్త గేటు దగ్గర ముగ్గు వేస్తోంది. పిండి గిన్నె పక్కన పెట్టి లేచింది.

"ఏందే కరుణా! డిస్కు జారినోళ్లు గిట్ల ఎనకకు ఉరుకుతరా? నేను పోసిన నూనె అంతా ఉత్తదేనా?"

రోడ్డు మీద ఇంకో ఇద్దరు ఆగారు. రోజా నన్నే చూస్తోంది.

"డిస్కు కాదత్తా. అబద్ధం చెప్పిన. స్కానింగుల అన్నీ మంచిగనే ఉన్నయి. కోదాడల మనసు డాక్టరు దగ్గర చూపించుకుంటున్న. ఆమెనే ఎనకకు నడువుమన్నది."

"పిచ్చి డాక్టరు దగ్గరా?"

"గా డాక్టరు దగ్గరనే."

"నేను గూడ అత్తా," అంది రోజా. "థైరాయిడ్ కాదు నాది."

రుక్కమ్మత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆగినవాళ్లు కదిలి వెళ్లిపోయారు. ఈ సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది అనుకున్నాను. రుక్కమ్మత్త ముగ్గు తొక్కుకుంటూ మా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"నిద్రపట్టకపోతే గూడ సూస్తదా ఆమె?"

ఆగస్టు 29

కృష్ణమూర్తి సార్‌కు చెప్పాను. పేరు, అధ్యాయం, డాక్టరు బోర్డు, అన్నీ.

ఆయన అవతల ఎవరికో తలుపు వేయమని చెప్పాడు.

"మరి... రాసుడు? రాసుడు మంచిగనే ఉంటదా?"

"కాలు సర్. ఆగింది కాలు. అది కూడా ఇప్పుడు మెరుగు."

"హైదరాబాదోళ్లకు ఏం చెప్పాలె?"

"ఇదే చెప్పండి."

"నువ్వు చెప్పమంటే చెప్త. డిస్కనే ఉంచమన్నా ఉంచుత."

"ఇదే చెప్పండి సర్."

"సోమవారం చివ్వెంలల యూరియా లైనుంది. బస్సుల పో. స్కూటీ ముట్టకు."

ఇంటికి ఈ నాలుగు రోజుల్లో పళ్లు ఎవరూ తేలేదు. ఒకామె నన్ను చూసి పిల్లాణ్ని లోపలికి పిలుచుకుంది. అదీ రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 1

చివ్వెంల. లైను సొసైటీ ఆఫీసు నుంచి రోడ్డు దాకా ఉంది. చెప్పులు, సంచులు, రాళ్లు కూడా లైన్లో ఉన్నాయి, వాటి యజమానులు నీడలో ఉన్నారు. బస్సు దిగి నడిచాను, ముందుకు. లైను చూసుకుంటూ సగం దూరం వచ్చాక కాలు గుర్తొచ్చింది. గుర్తు రాగానే ఈడ్చింది. ఆగి, నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్లీ తిరిగాను. లైన్లోవాళ్లు చూశారు.

"ఏమైంది బిడ్డా కాలుకు?" తలపాగా చుట్టిన పెద్దాయన అడిగాడు.

"కాలు మంచిగనే ఉంది తాతా. మెదడు కబురు కాలుకు సరిగ్గ చేరుతలేదు. మానసిక డాక్టరు దగ్గర చూపించుకుంటున్న."

ఆయన నా కాలు చూశాడు. మొహం చూశాడు.

"తగ్గుతదా?"

"తగ్గుతాంది."

"మంచిదే. మరి గట్ల నిలవడి సూస్తవేంది, రాస్కో. నా పేరు మైసయ్య. నాలుగెకరాలు. నిన్న గూడ ఇదే లైన్ల నిలవడ్డ, ఒక్క బస్తా ఇయ్యలే. గా సంగతి పెద్దగ రాయి."

పుస్తకం తీశాను. ఎవరో కుర్చీ తెస్తామన్నారు. వద్దన్నాను. లైను చివరిదాకా నడుచుకుంటూ, నిలబడే రాసుకున్నాను.